ఏ మూల మట్టి?

మట్టి పరీక్ష కేంద్రం నుంచి వచ్చిన భర్త ఫలితాల కాగితం భార్య చేతికిచ్చి గడప మీద కూర్చున్నాడు. వరుసగా రెండు పంటలు, మొక్కజొన్న మోకాలెత్తు దాటకుండానే పసుపెక్కిపోయింది. మూడోది కూడా పోతే పొలం కౌలుకిచ్చి కూలికి వెళ్లడమే మిగులుతుందని ఇద్దరికీ తెలుసు.

"మట్టిలో పైరుని ఎదగనివ్వని పులుపు లేదట. సున్నం చల్లక్కర్లేదన్నారు."

"మరి పైరెందుకు ఎదగదు?"

"మన రాత."

"రాత సంగతి తర్వాత. మట్టి ఎక్కడ తవ్వారు?"

"పొలంలోనే."

"పొలంలో ఎక్కడండీ?"

అతను తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు.

"ఇంటివైపు గట్టు పక్కన. గుమ్మడి తీగ ఉన్న చోట."

"పన్నెండేళ్లుగా నేను పొయ్యి బూడిద పోస్తున్న చోటా? బూడిద పులుపు విరిచేస్తుందని మీరే చెప్పారుగా."

"నలుగురూ చూసే మట్టి కదా, కాస్త మంచిది తీసుకెళ్దామని..."

"జ్వరం ఒకరికైతే ఇంకొకరి నాడి చూపించారన్నమాట."

అతనికి నవ్వొచ్చింది. ఆమె నవ్వలేదు.

"దేవుడి దగ్గరా మీరింతే. అంతా బాగుందని దండం పెట్టి వచ్చేస్తారు."

"ఆయనకి తెలియదా ఏంటి?"

"తెలుసేమో. మట్టి పరీక్ష చేసేవాళ్లకి మాత్రం మనమే చూపించాలి."

అతను లేచి, తలుపు వెనక ఉన్న పార అందుకున్నాడు.

"సంచి ఇవ్వు."

"ఈసారి ఎక్కడ తవ్వుతారు?"

"గడ్డి కూడా మొలవని చోట. నువ్వూ రా. నా చెయ్యి మళ్లీ మంచివైపే పోతుందేమో."