ఉన్నారన్న జవాబు

సభకు వచ్చిన పెద్దలకు, తోటి ఉద్యోగులకు నమస్కారం. మనం ఇలా ఒకచోట చేరినప్పుడల్లా మన తనిఖీ బాబాయి లోపలికి రాకుండా ఆ గుమ్మం దగ్గరే నిలబడేవాడు. ఇవాళ గుమ్మం దగ్గర ఎవరూ లేరు. గుండెలో నొప్పని తనే ఆటో ఎక్కి ఆసుపత్రికి వెళ్లాడు, తిరిగి రాలేదు. బంధువుల కోసం వెతికాం, దొరకలేదు. అందుకే ఈ సభ మనమే పెట్టుకున్నాం.

కొత్తవాళ్ల కోసం ఆయన పనేమిటో చెబుతాను. మనం ఇంటింటికీ వెళ్లి ఏ సబ్బు వాడతారు, ఏ వార్త నమ్ముతారు, రేపటి మీద ఆశ ఉందా అని అడిగి వస్తాం. మనం నిజంగా వెళ్లామా లేదా అని వెనకాలే వెళ్లి అడిగేది ఆయన. అలాంటి పని చేసేవాణ్ణి ఎవరు దగ్గరికి రానిస్తారు? ఆయన టీకొట్టుకు వస్తే బల్ల మీద మాటలు ఆగిపోయేవి. "కానివ్వండమ్మా, నేనూ టీ తాగడానికే వచ్చాను" అనేవాడు. గ్లాసు పట్టుకుని రోడ్డు వైపు తిరిగి నిలబడేవాడు.

ముందు వరసలో కూర్చున్న మన చెల్లెమ్మకు ఒక సంగతి గుర్తుండే ఉంటుంది. ఆమె వెళ్లొచ్చానన్న ఇంట్లో ముసలావిడ "మా ఇంటికి ఎవరూ రాలేదు నాయనా" అని బాబాయికి చెప్పేసింది. ఇంకొకరైతే ఆ మాటే రాసుకొచ్చేవారు. మన చెల్లెమ్మ చంటిపిల్ల తల్లి, ఉద్యోగం పోయేది. బాబాయి ఏం చేశాడు? సాయంత్రం మళ్లీ వెళ్లాడు. కుళాయి దగ్గర ఆ ఇంటి కోడలు కనిపించింది. "వచ్చిందండీ. పొయ్యి మీద కూర వదిలేసి కబుర్లాడానని మా అత్త సాధిస్తుందని ఆవిడకు చెప్పలేదు. కూర మాడింది కూడా" అందట. "లేదన్న మాటను రెండోసారి అడగాలి" అని ఆఫీసులో అన్నాడు. చెల్లెమ్మ దండం పెట్టేలోపే సంచీ తగిలించుకుని వెళ్లిపోయాడు.

ఇంకొక్క సంగతి. పోయిన వేసవిలో చాలా దేశాల్లో ఒకేసారి జరిగిన సర్వేలో మనమూ పనిచేశాం. అందులో ఒక ప్రశ్న: "కష్టం వస్తే పిలవడానికి మీకు ఎవరైనా ఉన్నారా?" శిక్షణలో కొత్తమ్మాయి ఒకామె బాబాయిని ఎదురుగా కూర్చోబెట్టుకుని అడగడం నేర్చుకుంటోంది. ఆ ప్రశ్నకు ఆయన "ఉన్నారు" అన్నాడు. ఆ పిల్ల ఊరుకోక "ఎవరు బాబాయ్?" అంది. "ఎవరని అడగమని కాగితంలో ఉందా తల్లీ? ఉన్నదే చదువు" అన్నాడు. అందరం నవ్వాం. ఆయనా నవ్వాడు.

తర్వాత ఫలితాలు వచ్చాయి. ఏ దేశంలో చూసినా ఉన్నారన్నవాళ్లే ఎక్కువట. ఆ బొమ్మల పటం ఇదిగో, ఈ గోడకే అంటించుకున్నాం.

ఆసుపత్రిలో ఎవరికి కబురు చేయాలని అడిగితే బాబాయి ఈ ఆఫీసు నంబరు ఇచ్చాడు. ఆ రోజు ఆదివారం. ఇక్కడ ఫోను మోగి మోగి ఆగిపోయింది. సోమవారం వాళ్లు మళ్లీ చేసేసరికి, ఆయన పోయాడన్న మాటే చెప్పడానికి మిగిలింది.

ఉన్నారని ఆయన అన్నది ఎవరిని? మనల్నేనా? ఊళ్లోవాళ్లు చెప్పిన జవాబులన్నీ గుమ్మం గుమ్మం ఎక్కి సరిచూశాడు. ఆయన చెప్పిన ఒక్క జవాబు సరిచూడడానికి మనమే ఉన్నాం. మొదటిసారి పిలిచినప్పుడు మనం పలకలేదు. ఇది రెండోసారి అడగడం అనుకోండి. పిలుపు వినబడి ఉంటే వెళ్లేవాళ్లమే అనుకునేవాళ్లు లేచి నిలబడండి. కాసేపు ఎవరూ మాట్లాడొద్దు.