ఓగస్టా పెల్కీ కారును తోసినవాడు

సెనేటర్ ఓగస్టా పెల్కీ పదవి వదిలేశాక మొదటిసారి శనివారం సొంత ఊరికి వస్తోంది. వేదిక మీద ఆవిణ్ణి ఎవరు పరిచయం చెయ్యాలో తేల్చమని ఊరివాళ్లు కొట్టు యజమాని హోలిస్‌కి అప్పగించారు. అతను అమెరికాలోని ఈ వెర్మాంట్ రాష్ట్రానికి వచ్చి ఇరవై ఏళ్లే అయింది. అంటే ఆ ఊరి లెక్కలో ఇంకా కొత్తవాడే, కనక పక్షపాతం ఉండదని.

ఆవిణ్ణి పరిచయం చేసే అవకాశం మీద ముసలి ఎల్విన్ థ్రాషర్ ఎంత ఆశ పెట్టుకున్నాడంటే, ఆ పొద్దున కొట్టు తలుపు తియ్యకముందే వచ్చి నిలబడ్డాడు. తీయగానే కట్టెల పొయ్యి పక్క కుర్చీ ఆక్రమించాడు. ఎదురుగా ఆయన అక్క విన్నీ మేజోడు అల్లుకుంటోంది.

"ఇందులో ఆలోచించడానికేముందబ్బాయ్?" అన్నాడు ఎల్విన్. "ఓగస్టా మొట్టమొదట నిలబడింది మన ఊరి రోడ్ల అధికారి పదవికి. ఆ మార్చిలో ఓట్లు వేసే ఊరి సభకి వస్తుంటే మంచు కరిగి దారంతా బురద. కారు దిగబడింది. నేను వెనకనుంచి ఒక్క తోపు తోశాను."

అది నమ్మొచ్చనుకున్నాడు హోలిస్. మార్చిలో ఆ ఊళ్లో ఎవరిదో ఒకరి కారు తొయ్యనివాడు లేడు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? తోసేకొద్దీ దిగిపోయింది! కారు కప్పు కూడా కనబడలేదు."

"ఆవిడ లోపలే ఉందా?"

"లోపలే మరి! నేను ఊరుకుంటానా? మేపుల్ చెట్లకి రసం పట్టే గొట్టం ఉంటుందే, దాన్ని కిందికి దింపాను, గాలి కోసం. ఆవిడ అందులోంచి ఉపన్యాసం మొదలెట్టింది. ఆ గొట్టం కొండమీది చెట్లన్నిటికీ తగిలించి ఉందాయె, ఇక చూడు, ప్రతి చెట్టులోంచీ ఆవిడ గొంతే! మూడు జిల్లాల జనం బకెట్లతో సహా వచ్చి విన్నారు. ఆ దెబ్బతోనే గవర్నర్ అయిపోయింది."

"నిలబడింది రోడ్ల అధికారి పదవికన్నారు?"

"రెండూ ఒకరోజే అయ్యాయి. మధ్యలో అడ్డు రాకు. తర్వాత సెనేట్‌కి వెళ్లిందా, అక్కడ ఏదో బిల్లు ఆపాలంటే నిలబడి మాట్లాడుతూనే ఉండాలట. మంచు పడి మళ్లీ కరిగేదాకా మాట్లాడింది. మరి తిండో? ఇక్కడ మా వాకిట్లో నిలబడి నేను మేపుల్ పాకం పోసిన అట్లు విసిరేవాణ్ణి. వాషింగ్టన్‌లో కిటికీలోంచి వెళ్లి సరిగ్గా ఆవిడ బల్ల మీద పడేవి. పాకం చుక్క కారేది కాదు."

"ఐదొందల మైళ్లండీ!"

"అందుకే గాలివాటం చూసుకుని విసరాలి. ఓ రోజు ఒకటి గురి తప్పి ప్రెసిడెంటు ఒళ్లో పడింది. ఆయన తినేసి, ఇంకోటి ఎప్పుడొస్తుందని అడిగాడు!"

హోలిస్ నవ్వాడు గాని అతనికి దిగులుగానే ఉంది. ఇలాంటివాణ్ణి వేదిక ఎక్కిస్తే శనివారం ఏం కావాలి? అలాగని పెద్దాయన మొహం చూసి కాదనలేకపోతున్నాడు.

"విన్నీ గారూ, ఆ రోజు ఊరి సభలో ఈయన అసలు ఉన్నారా?"

విన్నీ అల్లిక మీంచి చూపు తిప్పలేదు. "ఉన్నాడు. ఆవిడ మీద పోటీ చేసింది వీడే."

ఎల్విన్ దగ్గాడు.

"అప్పటిదాకా రోడ్ల అధికారి వీడే. ఆవిడ కారు దిగబడింది వీడు బాగుచెయ్యని రోడ్డులోనే. తోసిన మాట మాత్రం నిజం. ఒళ్లంతా బురదతో సభకొచ్చి, నా రోడ్లకేం తక్కువ అన్నాడు. హాలంతా ఆవిడకే ఓటని చేతులెత్తింది. నేనూ ఎత్తాను."

"నువ్వు కూడానా అక్కా?"

"నేనూ ఆ రోడ్డు మీదే కదరా నడవాలి?"

ఎల్విన్ లేచి టోపీ పెట్టుకున్నాడు.

"కూర్చోండి," అన్నాడు హోలిస్. "శనివారం మీరే మాట్లాడండి. కాని మీ అక్కగారు చెప్పిందే చెప్పాలి. కారు తోశారు, ఓడిపోయారు. అంతకు మించి ఒక్క ముక్క చెప్పకూడదు."

ఎల్విన్ టోపీ తీసి మళ్లీ కూర్చున్నాడు.

"అదొక్కటే చెబితే," అన్నాడు, "ఎవరు నమ్ముతారయ్యా?"