కాగితం ఎద్దుకు పెట్టిన బొట్టు

హలో… ఆ, నేనే, రుక్సారక్కా! భాగ్యలక్ష్మిని… ఎడపల్లిల్నే ఉన్న.

తిన్నం… ఆ, మా పిల్ల సౌందర్య గూడ తిన్నది. మీ అబ్బా, మా జమీల్ చాచా, మంచిగున్నడా?

బొమ్మనా? మా కొట్టంల కూసోని చాచా గీసిచ్చిన గొడ్ల బొమ్మనా?

…నిజామాబాద్ల బొమ్మల ప్రదర్శనల పెడ్తరా? బోధన్ల బోర్డులు రాసే చాచా బొమ్మ, అందరు సూసేటట్టు? మస్తు ఖుషీ… ఎప్పుడు?

…రేపేనా?

ఉన్నది, ఉన్నది. గోడకే ఉన్నది. గని అక్కా… జర పాడైంది.

ఎట్లంటే… పిల్ల. రెండేండ్లది గదా. నేను బట్టలు పిండుతున్న, అది తడి చెయ్యి పెట్టింది. సిరా కారింది.

…వద్దక్కా, చాచాకు ఇయ్యకు ఫోన్… అక్కా—

నమస్తే చాచా.

…ఆ. ఎడ్ల మొఖాల కాడ.

…కొట్టలే, చాచా. దాన్నేం అన్లే.

…ముట్టబుద్ధయిందంటే బొమ్మ మంచిగొచ్చినట్టేనా?

…బిస్కిట్లా? దానికా? వద్దు చాచా. పంపకుండ్రి… వద్దంటున్న గదా!

…

చాచా. పిల్ల కాదు. నేనే.

పొలాల అమాస, ఎడ్ల పండుగ నాడు… మీరు గీసిన మా ఎడ్లను పోయినేడే అమ్ముకుంటిమి గదా. ఊరంత కొమ్ములకు రంగులేసి తిప్పుతుండ్రు, మా కొట్టం ఉత్తగున్నది. పానం ఒప్పలే. మీ బొమ్మ దించి పీట మీద పెట్టిన. పసుపు తడిపి రెండు ఎడ్లకు బొట్టు పెట్టిన. కారుతదని నాకేం ఎర్క… ఏడో తరగతిలనే బడి బంద్ జేయించిరి… లే, అదంత సాకే.

నా తప్పు పిల్ల మీద ఏసిన చాచా. దానికి ఇంక మాటలే రావు, కాదని చెప్పనీకి.

…ఇంకోటున్నది. మీరు ఇచ్చిననాడు, రంగులు లేవేంది, జాతరల అమ్మేటియే మంచిగుంటయి అన్న. మూడు దినాలు గోనె సంచి మీద కూసోని గీసిన మనిషితోని. మీరు నవ్వి ఊకున్నరు.

…ఇప్పుడా? ఆ, బొమ్మ ముంగట్నే ఉన్న.

ఏం కనబడ్తుందంటే… బర్రె నెమరేస్తున్నది. మేక చెవు ఒక్కటే గీత, గని ఈగ వాలితే ఇదిలించినట్టున్నది. దూడ ఈపు మీద ఏం గీయలే మీరు, ఉత్త కాగితమే… ఎండ వడ్డట్టున్నది. ఎడమెద్దుకు…

చాచా, దాని కొమ్ము కొస ఇరిగి ఉండె. నాలుగేండ్లు మేతేసిన, నేనే మర్సిపోయిన.

…

గట్లనే తేవాల్నా? బొట్టుతోని? నవ్వుతరు చాచా… ఎవలు పాడుజేసిండ్రని అడుగుతరు…

తెస్త. పొద్దుగాల మొదటి బస్సుకే తెస్త. గని ఎవలన్న అడిగితే పిల్ల పేరు తియ్యకుండ్రి.

నా పేరు చెప్పుండ్రి.

…ఆ. ఉంట చాచా.