కందిరీగల తుట్టె, ఎడమకాలి చెప్పు

సెలవులకి వెళ్లిన కొండ మీది లాడ్జి నుంచి ఆసుపత్రికి దిగుతున్న అద్దె కారు. వెనక సీట్లో ఆలుమగలు. కందిరీగలు కుట్టి అతని మొహం గుమ్మడికాయలా వాచిపోయింది.

“నిద్రొస్తోందే.”

“కళ్లు మూయకండి. నిద్రపోనివ్వద్దు, అవసరమైతే చెంప మీద కొట్టమని లాడ్జి మేనేజరు మరీమరీ చెప్పాడు.”

“అబ్బా! మెల్లగా కొట్టవే.”

“మెల్లగా ఎలా కొడతారో మీరెప్పుడూ చూపించలేదుగా.”

“గొంతు పట్టేస్తోంది. అంతా నీవల్లే. నువ్వు తల వంచకపోతే చెప్పు వెళ్లి ఆ తుట్టెకి తగిలేదా?”

“పన్నెండేళ్లుగా విసురుతూనే ఉన్నారు. ఇంట్లో నా వెనక గోడ ఉండేది, దెబ్బ తిని ఊరుకుంది. ఇక్కడ కందిరీగలున్నాయి, ఊరుకోలేదు. కళ్లు తెరవండి!”

“అమ్మో! పెదవి చిట్లిందే.”

“ఉప్పగా ఉంటుంది, మింగేయండి. రెండు మూడుసార్లకి అలవాటైపోతుంది.”

“నన్ను చంపేస్తావా ఏంటి?”

“చంపాలంటే కొట్టక్కర్లేదండీ. పక్కన కూర్చుని ఊరుకుంటే చాలు.”

“చలేస్తోంది... కాసేపు పడుకుంటానే...”

“ఏవండీ! ఏవండీ! ఇదిగో, ఇంకోటి! ఇదిగో, ఇంకోటి! తెరవండి కళ్లు!”

“తెరిచా, తెరిచానే తల్లీ! అదిగో ఆసుపత్రి గేటు. ఇంక చెయ్యి దించు.”

“దించాను. వెళ్లి సూది వేయించుకోండి. బతుకుతారు.”

“వట్టికాళ్లతో ఎలా దిగను? చెప్పులేవి?”

“ఎడమకాలిది కందిరీగల దగ్గరుంది. కుడికాలిది నా సంచిలో ఉంది.”

“ఇలా ఇవ్వు మరి.”

“ఇవ్వను. ఇకమీదట అది నా దగ్గరే ఉంటుంది.”