కెమెరా మాత్రం కదల్లే

కొత్తపేటలో రైతుబజారుకి వెళ్లే సందులో నా టీకొట్టు. పక్కనే తిరుపతి సైకిల్ షాపు. నా దగ్గరికి వచ్చేవాళ్లలో సగం మంది టీ కోసం వస్తారు, మిగతా సగం తిరుపతి మాటల కోసం వస్తారు. వాళ్లు కూడా టీ తాగకుండా పోరు కాబట్టి నేనెప్పుడూ అతని నోటికి అడ్డం పడలేదు. గుంటూరు నుంచి ఇక్కడికొచ్చి ఇరవై రెండేళ్లయింది, ఇంత నిబ్బరంగా కోతలు కోసే మనిషిని ఇంకొకణ్ణి చూడలేదు. పని మాత్రం బంగారం, అది కూడా చెప్పాలి.

ఆ శుక్రవారం సాయంత్రం గీత అనే అమ్మాయి సైకిలు తీసుకుని వచ్చింది. ఎల్బీ నగర్‌లో బ్యాంకు ఉద్యోగం. సెలవు రోజుల్లో ఇరవై నాలుగు మందిని వెంటేసుకుని సైకిళ్ల మీద ఊళ్లు తిరుగుతుంది. ఆదివారం వాళ్లంతా సాగర్ రోడ్డు మీద ఇబ్రహీంపట్నం దాకా వెళ్తున్నారట. సబ్బుబిళ్లంత కెమెరా ఒకటి చేతిలో పెట్టుకుని, "దీన్ని హ్యాండిల్‌కి బిగించాలండీ. ఇంతకుముందు ఒకచోట బిగించారు, వీడియో అంతా వణుకే. మీరు సరిగ్గా కుదిరిస్తే మావాళ్లందరి సైకిళ్లూ ఇకనుంచి మీ దగ్గరికే," అంది.

మెయిన్ రోడ్డు మీద గేర్ల సైకిళ్ల షోరూమ్ పడ్డాక తిరుపతికి గిరాకీ సగం పోయింది. ఆ పొద్దున్నే నా బల్ల మీద కూర్చుని, "ఇట్లనే ఉంటే షట్టర్ దించుడే అన్నా," అని కళ్లు తుడుచుకున్నాడు. ఇప్పుడు ఒక్క కెమెరా కుదిరితే ఇరవై నాలుగు సైకిళ్లు వచ్చేలా ఉన్నాయి. ఇంకొకడైతే నోరు మూసుకుని పని చేసుకుంటాడు. తిరుపతి పానా తీసుకున్నాడు, నోరూ తెరిచాడు.

"కెమెరా బిగిచ్చుడా మేడం? గీ కొత్తపేటల మొట్టమొదట కెమెరా బిగిచ్చిందే నేను. పోయిన ఎండాకాలం ఒక సారు ఒచ్చిండు, చేతుల గిట్లాంటిదే కెమెరా. మూడు షాపులు తిరిగిండంట, ఎవరు బిగిచ్చినా గుంతల పడంగనే కెమెరా తల ఏలాడేస్తున్నదంట. నేను జూసిన, నవ్విన. పాత ట్యూబు ముక్క గింత కోసిన, క్లాంపు కింద రెండు సుట్లు సుట్టిన, బోల్టు బిగిచ్చిన, గంతే. వణుకును రబ్బరు తాగుతది మేడం. సారు పట్టుకొని గుంజిండు, రాలే. సారు బామ్మర్ది గుంజిండు, రాలే. ఇద్దరు కలిసి గుంజితే సైకిలే లేసింది గానీ కెమెరా రాలే."

చెబుతూనే పాత ట్యూబులోంచి ఓ ముక్క కోశాడు, గీత సైకిల్ హ్యాండిల్‌కి చుట్టడం మొదలుపెట్టాడు. నోరు ఎటు పోయినా ఆ చేతులు దారి తప్పవు.

"మరి వీడియో వణికిందా?" అని అడిగింది గీత.

"గదే చెప్తున్న. తిరుపతీ, నువ్వే ఒక రౌండ్ కొట్టి చూపియ్ అన్నడు సారు. నాకేంది, ఎక్కిన. ఎల్బీ నగర్ దాక పోయొద్దామనుకున్న, ఎక్కువ గాదు. విక్టోరియా మెమోరియల్ కాడికి పొయ్యేసరికి నెత్తి మీద మెట్రో రైలు పోతున్నది. నేను దాని దిక్కు చూడనే చూడలే మేడం, దాని మానాన అది పోతది, నా మానాన నేను పోత. కానీ లోపలున్నోళ్లు నన్ను జూసిన్రు. అందరు ఒక్క దిక్కే ఒచ్చి అద్దాలకు ముక్కులు ఆనిచ్చిన్రు, రైలు ఒక పక్కకు ఒరిగింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఎల్బీ నగర్ ఒచ్చింది," అన్నాడు బక్కయ్య. ఎదురు బల్ల మీద కూర్చున్న ఈ బక్కయ్యది ట్రాలీ ఆటో. తిరుపతీ ఇతనూ నల్గొండ దగ్గర ఒకే ఊరివాళ్లు, ఇప్పుడు తుర్కయంజాల్‌లో పక్కపక్క వాటాల్లో కిరాయికి ఉంటున్నారు.

"నువ్వు చాయ్ తాగు. రైలు కన్న ముందు నేనొచ్చిన! స్టేషన్ కింద నిలబడి చెరుకురసం తాగి, గ్లాసు కడిగిచ్చి, మూతి తుడుసుకున్నంక రైలొచ్చింది. డ్రైవర్ దిగొచ్చి చేతులు పట్టుకున్నడు. అన్నా, రేపటి సంది జర నిమ్మలంగ పో, ప్యాసింజర్లు పైసలు వాపసియ్యుమంటున్రు అన్నడు. నాకు జాలైంది. సరే తమ్మీ అన్న."

"కెమెరా?" అన్నాను నేను. అడగకపోతే నొచ్చుకుంటాడు.

"గింత గూడ కదల్లే!" అంటూ చిటికెనవేలి గోరు చూపించాడు.

గీత నవ్వుతూ టీ అందుకుంది. మనిషి నవ్వితే తిరుపతికి ఇంక బ్రేకులుండవు.

"ఎల్బీ నగర్‌ల ఆగుదామనే అనుకున్న మేడం, సైకిల్ ఆగితే గద! అదే ఊపు మీద సాగర్ రోడ్డు ఎక్కిన. బీఎన్ రెడ్డి నగర్ ఎప్పుడొచ్చిందో తెల్వది, ఎప్పుడు పోయిందో తెల్వది. గుర్రంగూడ కాడ ముంగట అన్నీ లారీలే. ఒక్కసారి బెల్లు కొట్టిన, ట్రింగ్ అని. తుర్కయంజాల్ దాక లారీలన్నీ ఎడమ పక్కకు జరిగి లైన్ గట్టినయి. ఒక లారీ డ్రైవరైతే ఇంజిన్ బంద్ జేసి, కిందికి దిగి, నేను పొయ్యేదాక చెప్పులు చేతుల పట్టుకొని నిలబడ్డడు. గంత మర్యాద చేసినోళ్లను ఇబ్బంది పెట్టుడెందుకని నేనే నాదర్‌గుల్ దిక్కు మలిగిన. నాదర్‌గుల్‌ల ఏముంటది మేడం?"

"విమానాలు నడపడం నేర్పే చోటు ఉంది," అంది గీత.

"ఆ! గక్కడ చిన్న విమానం ఒకటి, ఎంత ఉరికిచ్చినా లేస్తలేదు. నేర్చుకునేటాయన లోపట చెమటలు గక్కుతున్నడు. నేర్పే సారు నన్ను జూసిండు. గా సైకిల్ ఎనకాల్నే పోనియ్, లేస్తది అన్నడు. ఇగ నేను ముంగట, విమానం ఎనక. గాలిని నేను చీరుకుంట పోతున్న, అది నా నీడల సాఫుగ ఒస్తున్నది. తొక్కిన మేడం, తొక్కిన, తొడలు మండుతున్నయి, తొక్కిన. సప్పుడు మారింది. విమానం లేసినట్టుందని తలెత్తి పైకి జూసిన. పైన విమానం లేదు. కిందికి జూసిన. విమానం కిందున్నది."

బక్కయ్యకి పొలమారింది. గీత టీ గ్లాసు పక్కన పెట్టేసి పొట్ట పట్టుకుంది.

"గాల్లో తొక్కితే చక్రం దేన్ని పట్టుకుంటుంది తిరుపతి గారూ?"

"గాలిని పట్టుకుంటది. టైర్ల లోపట ఏమున్నది మేడం? గాలే గద. పంపు పట్టి నేనే కొట్టిన. లోపలి గాలి బయటి గాలిని గుర్తు పడ్తది. తుర్కయంజాల్ మీదికెళ్లి పోతుంటే మా డాబా కనవడ్డది. మా సుమిత్ర మిరపకాయలు ఎండబోస్తున్నది. మొగడు ఆకాశంల పోతుంటే ఏ ఆడిదైనా దండం పెడ్తది గద? మా ఆమె తలకాయ గూడ ఎత్తలే. ఒచ్చేటప్పుడు కొత్తిమీర తే అని ఒర్లింది."

"తల ఎత్తకుండా నువ్వని ఎట్లా తెలిసింది?" అన్నాను.

"బెల్లు గుర్తువట్టింది అన్నా. ముప్పై ఏండ్ల కాపురం. గప్పుడే చూడుండ్రి, టక్కుమని చైన్ ఊడింది! భూమ్మీద చైన్ ఊడితే మీరే నా దగ్గరికి ఒస్తరు, ఆకాశంల నాకు ఊడితే నేనెవని దగ్గరికి పోవాలె? పరేషాన్ కాలే. విమానాన్ని జర దగ్గరికి రమ్మని చెయ్యి ఊపిన, సైకిల్‌ను దాని రెక్కకు ఆనిచ్చిన, కూసొని చైన్ ఎక్కిచ్చిన. చేతులకు గ్రీజైంది. తుడుసుకునుటానికి గుడ్డ లేదు. పక్కపొంటి మబ్బు పోతుంటే దానికే తుడిసిన. తెల్లారి వనస్థలిపురంల నల్ల వాన పడ్డది యాదికున్నదా? పేపరోళ్లు ఏందేందో రాసిన్రు. అది నా గ్రీజు."

"కెమెరా?" ఈసారి ముగ్గురం ఒకేసారి అడిగాం.

"గింత గూడ కదల్లే!"

"ఆ వీడియో ఒక్కసారి చూపించండి, మావాళ్లకి పంపిస్తాను," అంది గీత ఫోను తీస్తూ.

తిరుపతి తడబడలేదు. ఆఖరి బోల్టు వేలితో తిప్పుతూనే చెప్పాడు. "అదే బాధ మేడం. నేను మంగళారం దిగిన, వీడియో బేస్తారం దిగింది. నా స్పీడు దానికి అందలే. బుధారమంత సారు పెట్టి చూస్తుంటే తెర మీద ఇంక విక్టోరియా మెమోరియలే ఒస్తున్నది. బేస్తారం మొత్తం ఒచ్చేసరికి సారుకు బదిలీ అయింది, కెమెరా పట్టుకొని బెంగళూరు పోయిండు. దిగుడెక్కడ దిగిన్నో చెప్పలే గద? ఎల్బీ నగర్ ఫ్లైఓవర్ మీదనే. దిగంగనే ట్రాఫిక్ ఆయన చెయ్యి అడ్డం పెట్టిండు. ఎగిరినందుకు గాదు మేడం, హెల్మెట్ లేనందుకు."

అంటూ పానా కింద పెట్టాడు. కెమెరా కుదిరింది. గీత దాన్ని అటూ ఇటూ ఊపి చూసింది, బలం పెట్టి గుంజింది. హ్యాండిల్ ఊగింది కానీ కెమెరా ఊగలేదు. ఆ అమ్మాయి మొహం వెలిగిపోయింది.

"తిరుపతి గారూ, ఒక మాట. ఆదివారం మా అందరి వెనకాల ఒక మెకానిక్ తొక్కుతూ రావాలి. దారిలో ఎవరి సైకిలు ఆగినా చూడాలి. షోరూమ్ ఆయన్ని అడుగుదామనుకున్నాను. వద్దులెండి, మీరే రండి. విమానం సంగతి నాకు తెలీదు కానీ, ఇన్నేళ్లుగా సైకిళ్లు బాగుచేస్తున్నారు, మీకంటే బాగా తొక్కేదెవరు?"

"ఒస్త మేడం, ఎందుకు రాను!" అన్నాడు తిరుపతి. ఛాతీ రెండంగుళాలు ముందుకొచ్చింది. నాకు మహా సంతోషమేసింది. షట్టర్ దించే బాధ తప్పింది కదా అనుకున్నాను.

"అయితే ఇప్పుడే ఓ రౌండ్ కొట్టండి. మెట్రో పిల్లర్ దాకా వెళ్లి వచ్చేయండి. వీడియో ఆన్ చేస్తున్నాను," అని గీత సైకిలు అతని ముందు పెట్టింది.

తిరుపతి సైకిలు వైపు చూశాడు. "చాయ్ తాగి పోత మేడం," అన్నాడు. పక్కనున్న అతని గ్లాసు ఎప్పుడో ఖాళీ అయింది.

"వచ్చాక తాగుదురుగాని."

"సీటు ఎత్తున్నది, నా చెప్పు సుత తెగేటట్టున్నది. అయినా నేనెక్కితే ఇగ ఇది ఆగది మేడం, మల్ల నాదర్‌గుల్ పోతది, మీకు లేటైతది."

"పర్లేదు, ఇక్కడే కూర్చుంటాను," అని నవ్వింది గీత.

ఇంక తప్పలేదు. తిరుపతి హ్యాండిల్ పట్టుకుని ఒక కాలెత్తి అటు వేశాడు. మెయిన్ రోడ్డు మీద బస్సు హారన్ వినిపించింది. అతను రెండో కాలు నేల మీంచి తియ్యలేదు.

బక్కయ్య లేచి వచ్చి సైకిలు వెనక చక్రం దగ్గర పట్టేసుకున్నాడు.

"పోనియ్యకమ్మా. వీనికి సైకిల్ తొక్కరాదు."

రైలు, లారీలు, విమానం, మబ్బు, అన్నీ అబద్ధాలని నాకు తెలుసు. ఆ కథ మొత్తంలో నేను నిజమనుకున్నది ఒక్కటే, సైకిలెక్కాడన్నది. పక్క పక్కన ఇన్నేళ్లున్నాం, నాకూ తెలీదు.

"ఏం మాట్లాడుతున్నవ్ రా!" అన్నాడు తిరుపతి.

"ఇన్నేండ్లు నేనెవ్వలికన్న చెప్పిన్నా? చెప్పలే. పొద్దుమాపు నా ఆటోల్నే ఎక్కిచ్చుకొని తిప్పుతున్న. ఇయ్యాల చెప్పకపోతే ఆదివారం సాగర్ రోడ్డు మీద లారీల నడుమ పడ్తవు. సుమిత్రమ్మకు నేనేం జవాబు చెప్పాలె?" బక్కయ్య కళ్లలో నీళ్లు తిరిగాయి, కోపంతోనో దేనితోనో. గీత వైపు తిరిగాడు. "చిన్నప్పుడు కిరాయి సైకిళ్ల షాపుల పనికి చేరిండమ్మా. సైకిల్ ఎక్కితే ఓనర్ జీతం కోసేటోడు. గట్ల ఎక్కనే లేదు. సొంత షాపు పెట్టినంక నేర్చుకుందామంటే, సైకిల్ షాపాయనకు సైకిల్ రాదా అని నవ్వుతరని సిగ్గు."

తిరుపతి కాలు వెనక్కి తీసుకుని సైకిలు దిగాడు. తల దించుకుని నిలబడ్డాడు. ఇరవై నాలుగు సైకిళ్లూ పోయినట్టేనని నాకనిపించింది.

గీత సైకిలు తన వైపు తీసుకుంది. మెల్లగా అడిగింది. "మరి బాగుచేసిన సైకిలు బాగైందని మీకెలా తెలుస్తుంది?"

"చెయ్యి పెడితే తెలుస్తది మేడం," అన్నాడు తిరుపతి. ఆ సాయంత్రం అతను అలంకారం లేకుండా ఆడిన మాట అదే.

గీత సైకిలెక్కింది. సందులో గుంతలున్న వైపే చూసుకుని తొక్కుకుంటూ పోయింది. రెండు స్పీడ్ బ్రేకర్లు దాటింది, పిల్లర్ దగ్గర తిరిగి వచ్చేసింది. ఫోను బల్ల మీద పెట్టి వీడియో వేసింది. నలుగురం వంగి చూశాం. రోడ్డు మా వైపు సాఫీగా వస్తూనే ఉంది. గుంతలో పడ్డప్పుడు గీత అరుపు వినిపించింది కానీ బొమ్మ వణకలేదు.

"రేపు సాయంత్రం మావాళ్లు సైకిళ్లు తెస్తారు, అన్నీ ఒకసారి చూడండి," అంది. "ఆదివారం ఐదున్నరకి బయల్దేరతాం. బక్కయ్య గారూ, మీ ఆటోలో సామాను వేసుకుని, ఈయన్ని కూర్చోబెట్టుకుని మా వెనకాలే రాగలరా?"

"ఎందుకు రానమ్మా," అన్నాడు బక్కయ్య. తర్వాత తిరుపతి భుజం మీద ఒకటి వేశాడు. "సోమారం సంది మాపటికి మా ఇంటెనక జాగల నేర్పుత. నేను సీటు పట్టుకుంట, నువ్వు తొక్కాలె. అందరి ముంగట చెప్తున్న, తప్పిచ్చుకోకు."

తిరుపతి తలెత్తాడు, ఛాతీ మళ్లీ ముందుకొచ్చింది. "నాకు నేర్పుడేందిరా? ఒక్కపారి నేను పెడలు మీద కాలు పెట్టిన్నంటే..."

ముగ్గురం అతని వైపే చూస్తున్నాం. అక్కడికి ఆగాడు. బక్కయ్యకి దగ్గరగా జరిగాడు, గొంతు తగ్గించాడు.

"ఎనక జర గట్టిగ పట్టుకుంటవు గదరా?"