రోజుకో కారణం

కోర్టు ఎదుటి టీ కొట్టులో గడువు గుమాస్తా గొంతు సవరించుకుంటే చాలు, కళ్లజోడు గుమాస్తాకి కడుపుమంట మొదలవుతుంది. ఇద్దరూ ఒకే ఏడాదిలో వకీళ్ల దగ్గర చేరారు. ఇరవై ఆరేళ్లలో ఒక్క గడువూ దాటనివ్వని కళ్లజోడు చుట్టూ ఈగ కూడా మూగదు. గడువు దాటిపోయిన కేసుల్ని గట్టెక్కించానని కోతలు కోసే వాడి చుట్టూ జనమే జనం. ఏడవాలో నవ్వాలో తెలీదు.

ఆ రోజు దర్జీ అక్క వచ్చింది. కుట్టుమిషను పెట్టుకున్న గది ఖాళీ చెయ్యమని తీర్పొచ్చింది. అప్పీలు కాగితాలు సిద్ధం, వెయ్యడానికి ఇవాళే ఆఖరి రోజు. కళ్లజోడు గుమాస్తా ముందు నుంచే నడిచెళ్లి కట్ట గడువు గుమాస్తా చేతిలో పెట్టింది.

"కూర్చోండక్కా, కౌంటర్ ఐదింటిదాకా ఉంటుంది. ఆఖరి రోజుకే ఇంత కంగారా? నా మొదటి కేసే పన్నెండు రోజులు ఆలస్యం. జడ్జిగారు రోజుకో కారణం చూపించమన్నారు, చూపించా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? నలభై ఏళ్లు ఆలస్యమైన కేసు తెచ్చి నా నెత్తిన పెట్టారు!"

"నలభయ్యేళ్లా!" అన్నాడు టీ కొట్టాయన.

"మరి! పద్నాలుగు వేల ఆరొందల రోజులు, లీపు సంవత్సరాలవి ఇంకో పది. రోజుకో పేజీ. మొదటి రోజు జ్వరం, రెండో రోజు నీరసం, మూడో రోజు నీరసానికి మందు తేబోతే వాన... మూడు లారీల్లో తోలించా. జడ్జిగారు చదువుతూ చదువుతూ రిటైరైపోయారు. ఆయన కొడుకు జడ్జి అయి వచ్చి, నాన్నగారు మడతపెట్టిన పేజీ దగ్గర్నుంచి ఎత్తుకున్నాడు!"

కౌంటర్ ఈ నెల నుంచి నాలుగున్నరకే మూస్తున్నారు. గోడకంటించిన నోటీసు చదివింది కళ్లజోడు ఒక్కడే. గడియారం చూశాడు. నాలుగూ పది. నోరు తెరిచాడు, అంతలో అందరూ గొల్లున నవ్వారు. మూసుకున్నాడు. 'పోనీ, వాడి పరువు ఇవాళైనా గంగలో కలవనీ,' అనుకున్నాడు.

"అవతలివాళ్లు ఊరుకున్నారా?" దర్జీ అక్క నవ్వాపుకోలేకపోతోంది.

"తొమ్మిదివేలవ పేజీకొచ్చేసరికి వాళ్లే వెక్కివెక్కి ఏడ్చి మా తరఫున వాదించారు! అంతెందుకు, మా తాత కోసం యముడొస్తే, 'గడువు దాటి వచ్చావు, కారణం రాసివ్వు' అన్నా. రాయలేక వెళ్లిపోయాడు. తాతకిప్పుడు నూట అరవై!"

కోతలు సాగుతూనే ఉన్నాయి, కళ్లజోడు గుమాస్తా మళ్లీ మళ్లీ గడియారం చూస్తూనే ఉన్నాడు. అంతలో కోర్టు బంట్రోతు టీకొచ్చాడు. "కౌంటర్ మూసేశాం, ఇప్పుడే."

"ఐదింటికి కదా!" గడువు గుమాస్తా కట్ట పట్టుకుని లేచాడు.

"నాలుగున్నరకి. నోటీసు అంటించాంగా!"

"ఒక్క రోజు ఆలస్యమే కదక్కా, మన్నించమని చిన్న పిటిషను పడేస్తే..."

ఆమె మొహంలో ఇప్పుడు నవ్వు లేదు. "దానికీ కారణం చూపించాలిగా? రాయండి. నలభయ్యేళ్ల కేసు గెలిచినాయన కబుర్లు వింటూ కూర్చున్నాను."

కొట్టంతా గొల్లున నవ్వింది. అందరికంటే గట్టిగా నవ్వింది కళ్లజోడు గుమాస్తా. ఇన్నేళ్ల మంటా ఒక్కసారిగా చల్లారింది.

ఆమె అతనివైపు తిరిగింది. "మీరు ఇందాకట్నుంచీ గడియారం వంకే చూస్తున్నారు గుమాస్తాగారూ. మూసేస్తారని మీకు తెలుసు. తెలిసీ చెప్పలేదు. మీ కారణమేంటో కూడా చెప్పండి, దాని కిందే రాయిస్తాను."