గుమ్మం బయట సీసా

కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్‌లో సముద్రపొడ్డు ఊరు. ముసలి ఆంబ్రోస్ వంటిల్లు. పొద్దున్న పూట. వచ్చింది ఊరి నర్సు లొరెటా. కిటికీ కింద నేల మీద ఆయన మనవరాలు, కూతురు బెవ్ బిడ్డ టెస్సా. మూడేళ్ళు ఇంకా నిండలేదు.

“అది కాదు, తలుపెందుకు కొట్టావంటున్నా.”

“కొడితే ఏమైంది బాబాయ్?”

“ఈ ఊళ్ళో తలుపు కొట్టి ఎవరన్నా వస్తారా? పోలీసు కొడతాడు. పన్నులాయన కొడతాడు. నువ్వు పళ్ళు రాకముందు నుంచీ తోసుకునే వస్తున్నావు ఈ ఇంట్లోకి.”

“ఇవాళ పని మీద వచ్చాను కదా. చేతిలో కాగితాలున్నాయి.”

“అవి చూసే గుండె ఝల్లుమంది. కూచో. టీ పోస్తా.”

“టీ వద్దు.”

“టీ వద్దనేది కూడా పోలీసే.”

“సరే, టీ పొయ్యి. టెస్సా! టెస్సా తల్లీ, ఇటు చూడు.”

“చూడదు. పనిలో ఉంది.”

“ఏం పని?”

“బట్టలారేసే క్లిప్పులు. వరసగా పెడుతుంది. ఒకటి వంకరపోయిందా, మళ్ళీ మొదట్నుంచీ. నా పడవలో ఇంత ఒద్దిగ్గా తాడు చుట్టినవాడు ఒక్కడు లేడు.”

“పేరు పెట్టి పిలిస్తే తిరగదా?”

“తిరగదు. చెవి మందమేమో.”

“చెవులు బాగున్నాయి. పోయిన నెలే పరీక్ష చేయించాం. బిస్కెట్ పొట్లం చప్పుడైతే?”

“పై గదిలోంచి పరిగెత్తుకొస్తుంది.”

“మరి చెవి మందమంటావేంటి?”

“నేనూ అంతేగా. మీ పిన్ని పిలిస్తే వినపడేది కాదు. రమ్ము సీసా మూత తీస్తే వినపడేది.”

“నవ్వించకు. ఇది నింపాలి. బెవ్ పీతల ఫ్యాక్టరీ నుంచి రాగానే సంతకం పెడతానంది. నాన్ననడిగి నింపు, పగలంతా పిల్ల నాన్న దగ్గరే కదా అంది.”

“నన్నడగమందా?”

“అడగమంది.”

“ఎవరికి పోతుంది ఈ కాగితం?”

“సెయింట్ జాన్స్ పట్నంలో పిల్లల డాక్టరుకి.”

“దేనికి?”

“బెవ్ చెప్పలేదా?”

“చెప్పింది. నేను వినలేదు.”

“ఆటిజం అనుకుంటున్నాం బాబాయ్. తేల్చేదాన్ని నేను కాదు. డాక్టరు చూసి చెప్పాలి.”

“మాటలు ఆలస్యమైతే అంత పెద్ద పేరా? మా తమ్ముడు ఆల్ఫీ నాలుగేళ్ళ దాకా నోరు విప్పలేదు. తర్వాత మూయలేదు.”

“ఒక్క మాటలే అయితే నేనూ ఇంత హడావిడి పడను. అడుగుతా, ఉన్నదున్నట్టు చెప్పు. వేలితో చూపిస్తుందా? అదిగో పక్షి, అదిగో పడవ అని?”

“లేదు.”

“ఏదన్నా కావాలంటే ఏం చేస్తుంది?”

“నా వేలు పట్టుకుని లాక్కుపోతుంది. ఇదుగో, ఈ వేలు. తాడు కట్టి పడవని లాగినట్టు. తీసుకెళ్ళి నిలబెడుతుంది. ఏంటో నేనే కనుక్కోవాలి.”

“అప్పుడు నీ మొహంలోకి చూస్తుందా?”

“ఈ మొహంలో ఏముంది చూడ్డానికి?”

“బాబాయ్.”

“చూడదు.”

“మునివేళ్ళ మీద నడుస్తుందని బెవ్ అంది.”

“నేల చల్లగా ఉంటుంది కదా.”

“ఎండాకాలంలో కూడానా?”

“ఈ ఊళ్ళో ఎండాకాలం ఎప్పుడొచ్చింది?”

“సరే. రోజూ పోయే దారి మారిస్తే?”

“అమ్మో. చర్చికి పై దారినే పోవాలి. కింది దారి పట్టామా, ఆ ఏడుపుకి జనమంతా గుమ్మాల్లోకొస్తారు.”

“ఇది విను. ‘తనకేం కావాలో, ఏం వద్దో పెద్దవాళ్ళకి తెలియజేస్తుందా?’ అవునా, కాదా?”

“నోట మాటే లేదుగా. కాదు.”

“కాదు అని రాస్తున్నా.”

“రాయి. లొరెటా, ఈ పేరు ఒకసారి పడితే ఇక పోదుగా?”

“పోదు. పేరు పడకపోతే మాత్రం పోతుందా? పేరు పడితే మాటలు నేర్పే ఆవిడ వారానికి రెండుసార్లు ఇంటికొస్తుంది. పడకపోతే బళ్ళో వేసిందాకా ఎవరూ రారు. ఎంత చిన్నప్పుడు మొదలెడితే పిల్లకి అంత తేలిక.”

“ఊళ్ళో ఏమంటారో.”

“ఊళ్ళో ఇప్పుడేమంటున్నారో తెలుసా? ఆంబ్రోస్ పిల్లని పాడుచేశాడు అంటున్నారు.”

“ఎవరు? పోస్టాఫీసు హేజెలేనా?”

“పేర్లెందుకులే. ఇప్పుడు తిండి సంగతి చెప్పు.”

“టీ చల్లారిపోతోంది.”

“తాగుతా. ఏమేం తింటుంది?”

“తింటుంది.”

“ఏమేం?”

“తెల్లవి.”

“తెల్లవంటే?”

“బ్రెడ్డు, అంచులు తీసేసి. ఆలుగడ్డ, ఉండలు లేకుండా మెదిపి. ఆ నలుచదరం బిస్కెట్లు. విరిగింది ఇచ్చావో, అది నీ మొహానికే తిరిగొస్తుంది.”

“పాలు?”

“ఇంకాస్త చక్కెర వెయ్యనా?”

“పాలు బాబాయ్.”

“తాగేది. రోజుకి మూడు గ్లాసులు. ఈమధ్య మానేసింది.”

“ఎన్నాళ్ళైంది?”

“తొమ్మిది... కొన్నాళ్ళైంది.”

“తొమ్మిదా, కొన్నాళ్ళా?”

“తొమ్మిది రోజులు.”

“నిన్న క్లినిక్కులో తూచాను. దాదాపు కిలో తగ్గింది. అసలున్న ఒళ్ళెంత, అందులో కిలో అంటే ఎంత?”

“పిల్లలన్నాక తగ్గుతారు, పెరుగుతారు.”

“వచ్చే వారానికి పాలు మళ్ళీ మొదలెట్టకపోతే ఆస్పత్రిలో చేర్చమన్నాడు డాక్టరు. ముక్కులోంచి గొట్టం వేసి పోస్తారు.”

“గొట్టమా?”

“గొట్టమే.”

“తలకి దువ్వెన తగిలితేనే ఊరు లేపుతుందది. గొట్టం వేయనిస్తుందా?”

“ఇద్దరు పట్టుకుంటారు.”

“ఇద్దరు పట్టుకుంటారా!”

“అందుకే తలుపు కొట్టి మరీ వచ్చాను. ఏదో మారింది బాబాయ్. గ్లాసు మార్చావా?”

“లేదు. నీలం గ్లాసే.”

“పాల డబ్బా?”

“అదే కొట్టు, అదే డబ్బా.”

“వెచ్చబెట్టేది?”

“అంతే వెచ్చన.”

“మరేం మారింది?”

“గాలి మారింది. వారం నుంచీ ఉత్తరపు గాలి.”

“గాలి మారితే పాలు మానేస్తారా ఎవరన్నా?”

“మానితే మంచిదేనట. హేజెల్ చెప్పింది కొట్లో. పాలూ గోధుమలూ మానిపిస్తే ఈ ఆటిజం అనేదే పోతుందట. వాళ్ళ మేనత్త కొడుక్కి పోయిందట.”

“హేజెల్‌ని ఉత్తరాలు పంచుకోమను. ఇది తిండి వల్ల వచ్చింది కాదు, తిండి మానిపిస్తే పోయేదీ కాదు. ఆ పిల్ల ముట్టేదే నాలుగు రకాలు. అందులో మూడు పీకేస్తే ఏం తిని బతుకుతుంది?”

“తిండికీ దీనికీ సంబంధం లేనప్పుడు ఇన్నిసార్లు తిండి, తిండి అంటావెందుకు?”

“ఆటిజం పోగొట్టడానికి కాదు, పిల్ల ఎదగడానికి. ఇట్లాంటి పిల్లలు చాలామంది ఇట్లాగే నాలుగైదు రకాల మీదే ఉండిపోతారు. రుచీ, వాసనా, పంటికి తగిలేదీ అన్నీ వాళ్ళకి మనకంటే ఎక్కువ తెలుస్తాయి. తెల్లవే తింటే రక్తం పట్టదు, ఎముక గట్టిపడదు. ఉన్నవాట్లో ఆ పాలే దీనికి కాస్త బలం.”

“ఎముకకే కదా నేనూ...”

“నువ్వూ?”

“ఏం లేదు.”

“నువ్వూ ఏంటి?”

“బిస్కెట్ తిను.”

“బాబాయ్, ఏం చేశావు?”

“బెవ్‌కి చెప్పనంటే చెబుతా.”

“ముందు చెప్పు.”

“ఆ కాగితంలో రాయకూడదు.”

“చెప్తావా లేదా!”

“చేప నూనె.”

“పాలల్లోనా?”

“పాలల్లో కాక పాదిరీ టోపీలోనా? కాళ్ళు చూశావా ఎంత సన్నమో? కాడ్ చేపలు పట్టే ఊళ్ళో ఆ నూనె తాగకుండా ఎవడు పెరిగాడు? బళ్ళో వరసగా నిలబెట్టి తలా ఒక చెంచా పోసేవాళ్ళు. నేను బడికి పోయిందే మూడేళ్ళు. అందులో గుర్తున్న పాఠం అదొక్కటే.”

“మా అమ్మా పోసింది నాకు.”

“చచ్చావా?”

“లేదు. నారింజ రసంలో దాచి పోసింది. నలభై నాలుగేళ్ళొచ్చాయి, ఇవాళ్టికీ నారింజ కనపడితే ఆమడ దూరం పోతా. నువ్వెంత పోశావు?”

“ఒక చెంచా.”

“ఏ చెంచా?”

“అదిగో, గోడకి వేలాడేది.”

“అది సూపు తోడే గరిటె!”

“గరిటె అనకు. చెంచానే, కాస్త పెద్దది.”

“దాంతో గుర్రానికి మందు పట్టొచ్చు. రోజూ పోశావా?”

“మొదటిరోజు ఒక్క గుక్క తాగి ఉమ్మేసింది. ఇంకో రెండు రోజులు కలిపి చూశా. తర్వాత కలపటం మానేశా, ఒట్టు. అయినా ఒట్టి పాలు కూడా ముట్టట్లేదు.”

“ఎట్లా ముడుతుంది? నూనె మంచిదే. కొలిచి ఇవ్వాలి, అడిగి ఇవ్వాలి. నీ తప్పు నూనె కాదు. దాచటం. లోకమంతా ఆ పిల్లకి ఏదో ఒక చప్పుడు, ఏదో ఒక వాసన, ఏదో ఒక గుచ్చుకోవటం. పాలనొక్కదాన్నే నమ్మింది. నువ్వు ఆ నమ్మినదాంట్లో కలిపావు.”

“అంత దూరం ఆలోచించలేదు.”

“కొత్తది పెట్టాలంటే పక్కన పెట్టాలి. కంటికి కనపడేట్టు, చిన్న ముక్క. తిను, తిను అనకూడదు. ముట్టుకుంటే ముట్టుకోనీ, విసిరితే విసరనీ. ఇరవైసార్లన్నా పెట్టాలి.”

“ఇరవైసార్లా? చేపకి కూడా అన్నిసార్లు ఎర వెయ్యను నేను.”

“మనవరాలికి వెయ్యి. ముందు ఆ పాలు దారిలో పెడదాం. నీలం గ్లాసు దాచెయ్. దాన్ని చూస్తేనే నూనె గుర్తొస్తుంది పిల్లకి. వేరేది తియ్యి. కొత్త డబ్బా దాని ఎదురుగానే విప్పు. మొదట నువ్వు తాగు.”

“నేను పాలు తాగి అరవై ఏళ్ళైంది.”

“తాగాలి. ఆ నూనె సీసా ఏదీ? ఎంత ఖాళీ అయిందో చూస్తా.”

“మెట్టు మీదుంది.”

“ఏ మెట్టు?”

“గుమ్మం బయట మెట్టు.”

“చేప నూనె గుమ్మం బయటెందుకుంది?”

“అది దాని ఆట.”

“ఏం ఆట?”

“పొద్దున్నే నా వేలు పట్టుకుని అల్మరా దగ్గరికి లాక్కెళుతుంది. సీసా దింపిందాకా వదలదు. దింపితే రెండు చేతుల్తో ఎత్తుకుని తలుపు దగ్గరికి పోతుంది. దబదబా కొడుతుంది. ఈ ఊళ్ళో తలుపు కొట్టేది అదీ నువ్వూ ఇద్దరే. నేను తీస్తే సీసా మెట్టు మీద పెట్టి, లోపలికొచ్చి తలుపు నెట్టేస్తుంది. నెట్టి, వీపు ఆనించి నిలబడుతుంది. కాపలా కాసినట్టు. నాకు ఒకటే నవ్వు. అది పడుకున్నాక మళ్ళీ తెచ్చి అల్మరాలో పెడతా.”

“రోజూనా?”

“రోజూ. ఎంత గాలి కొట్టినా.”

“ఎప్పట్నుంచి?”

“ఎప్పట్నుంచంటే, నూనె కలిపిన మర్నాటి నుంచి.”

“ఊఁ.”

“ఏంటట్లా చూస్తావు?”

“నేనేం అనలేదు బాబాయ్.”

“కలం ఎందుకు కింద పెట్టావు?”

“ఊరికే.”

“లొరెటా.”

“ఊఁ.”

“ఎనిమిది రోజులు.”

“ఊఁ.”

“నేను నవ్వాను.”

“సరేలే. గ్లాసు తియ్యి.”

“ఉండు. లేచొచ్చింది. నా వేలు పట్టుకుంది.”

“ఎక్కడికి లాగుతోంది?”

“తలుపు దగ్గరికే. సీసా బయటే ఉందా, మళ్ళీ లోపలికి వచ్చిందా అని కాబోలు.”

“తలుపు తియ్యి. చూసుకోనీ.”

“చూడటం కాదు. రా తల్లీ, రా. నువ్వే పట్టుకో. రేవు దాకా పోదాం. నువ్వు కూచో లొరెటా, ఇప్పుడే వస్తాం.”

“ఏం చేస్తావు దాన్ని?”

“దాని ఎదురుగానే సముద్రంలో పోస్తా. వచ్చిన చోటికే పోతుంది.”

“చలి! పిల్లకి టోపీ పెట్టు!”

“పెట్టనివ్వదు!”

“అప్పుడే తిరిగొచ్చారా? పోశావా?”

“పోశా. చేపలు కూడా దగ్గరికి రాలేదు. ఖాళీ సీసా నా చేతిలోంచి అదే లాక్కుంది. అదిగో, క్లిప్పుల వరస చివర నిలబెట్టింది.”

“ఇంట్లోకి రానిచ్చిందన్నమాట. ఇక పాల డబ్బా విప్పు. దానికి కనపడేట్టు. నువ్వు ముందు.”

“థూ.”

“మొహం అట్లా పెట్టకు, చూస్తోంది!”

“నా మొహమా?”

“నీ గ్లాసు.”

“దగ్గరికొచ్చింది. వాసన చూస్తోంది.”

“నువ్వు కిటికీలోంచి బయటికి చూడు. దాన్ని చూడకు.”

“వేలు ముంచింది.”

“చూడొద్దన్నానా.”

“నాకిందా?”

“నాకింది.”

“ఇప్పుడు?”

“మాట్లాడకు బాబాయ్.”

“గుటక చప్పుడైంది. నాకు వినపడింది.”

“ఒకటి. రెండు. చాలు, పెట్టేసింది. ఇవాళ్టికి ఇది చాలు. మధ్యాహ్నం మళ్ళీ ఇట్లాగే పెట్టు. తాగు అనొద్దు. సరేనా? బాబాయ్, కళ్ళెందుకు తుడుచుకుంటున్నావు?”

“ఉత్తరపు గాలి. ఆ కాగితమేదీ?”

“ఇదుగో. భయపడకు, నూనె సంగతి రాయలేదు. బెవ్‌కి నువ్వే చెప్పుకో.”

“ఇందాక ఒకటి చదివావు. ఏం కావాలో, ఏం వద్దో తెలియజేస్తుందా అని.”

“కాదు అని రాశాం.”

“కొట్టెయ్.”

“కొట్టేసి?”

“అవును అని రాయి.”

“రాశా.”

“దాని కింద చోటుందా?”

“రెండు వరసలుంది.”

“బెవ్‌కి కనపడేట్టు పెద్దక్షరాలతో రాయి. పిల్ల ఎనిమిది రోజుల నుంచీ చెబుతూనే ఉంది. చెవి మందం తాతకి.”